నోట్లో గింజ

ఆదెమ్మ ఒకచోట కుదురుగా కూర్చోగా చూశామని చెప్పేవాళ్లు ఆ పల్లెలో ఎవరూ లేరు. అన్నం నిలబడే తింటుంది. పెళ్లికి పోతే చాప మీద కూర్చోబెట్టిన మనిషి అరనిమిషంలో వంటల దగ్గర తేలుతుంది, సాంబారులో ఉప్పు తక్కువైందని ఎవరినో కోప్పడుతూ. ఆమె భర్త కృష్ణప్ప సోమల దగ్గర మెట్టరైతు, నెమ్మదస్తుడు. ఆయన ఒక మాట నోట్లోంచి బయటికి తెచ్చేలోపల ఆమె ఆ పని చేయించేసి, తిరిగి వచ్చి, "ఏమో అనబోతివే, ఏంది?" అని అడిగే రకం. మనిషి మంచిదే. చేతికి ఎముక లేదనేవారు. నోటికీ లేదని చాటుగా అనేవారు.

అసలే అంత పరుగు మనిషా, ఏడాదికి రెండు రోజులు మరీ కాలు కాలిన పిల్లిలా తిరిగేది. అవి వేరుశనగ విత్తనాలు ఒలిపించే రోజులు. తొలకరి వాన పడి నేల పదునెక్కగానే విత్తాలి. మరీ ముందుగా ఒలిచి పెట్టుకుంటే గింజ చెడుతుంది, ఆలస్యం చేస్తే పదును ఆరిపోతుంది. అందుకని వాన పడిన మర్నాడే పది పన్నెండు మంది ఆడవాళ్లు వసారాలో గోడవారగా కూర్చుని, నీళ్లు చల్లిన కాయలను వేళ్లతో నొక్కి ఒలుస్తారు. చంకబిడ్డలూ, నడిచే బిడ్డలూ తల్లుల వెనకే ఉంటారు. మరి వాళ్లను ఇంటి దగ్గర చూసేదెవరు?

ఆ ఇంట్లో ఒలుపుకి ఒక పద్ధతి ఉండేది. ఒలిచినంతసేపూ పాడాలి. ఇది ఆదెమ్మ అత్త సుబ్బలక్ష్మమ్మ పెట్టిన పద్ధతి. పాడే నోరు నమలదు అని ఆవిడ లెక్క. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, ఎవరి గొంతైనా ఆగిందంటే నోట్లో విత్తనం ఉన్నట్టే. అత్త పోయాక ఆదెమ్మ ఆ పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. చాట చేత్తో పట్టుకుని వరస వెంట ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూ, గొంతు వినబడని మనిషి ముందు ఆగి, "ఏదీ, నోరు తెరువు!" అనేది. ఆ మనిషి నోరు తెరిచి చూపించేది, అందరూ నవ్వేవారు. నోరు తెరిచి చూపించిన మనిషికి అది నవ్వులాట కాదని ఆదెమ్మకు ఎన్నడూ తట్టలేదు. తట్టేంతసేపు ఆమె ఎక్కడ నిలబడింది గనక!

రెండు వేల మూడులో, జూన్ నెల మధ్యలో వాన పడింది. అంతకుముందు ఏడాది ఎండగొట్టి విత్తనం కూడా తిరిగి రాలేదు. ఈసారి విత్తనం బయట నుంచి తెచ్చుకున్నది కాబట్టి ఒక్కో గింజ మీద ఆదెమ్మ కన్నుంది. వరసలో చివర మునిలక్ష్మి కూర్చుంది. ఆమె మొగుడు బెంగుళూరులో కట్టడాల పనికి పోయి ఏడు నెలలైంది. వెనకాల ఆమె కూతురు రూప. ఇంకా నాలుగేళ్లు నిండలేదు. పెద్దవాళ్లకంటే గట్టిగా పాడేది ఆ పిల్లే. మాటలు సరిగా తిరగవు, రాగం మాత్రం వదలదు. పొద్దుటి నుంచి దాని గొంతు వసారా అంతా మోగుతూనే ఉంది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆదెమ్మ ఆ కొసన ఉంది. నాలుగు అంగల్లో ఈ కొసకు వచ్చింది. పిల్ల బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. "ఏమే! ఏం తింటాండావు? పాడు!" అని వసారా అదిరేట్టు అరిచింది. పిల్ల ఉలిక్కిపడి నోరు తెరిచింది. నాలుక మీద ఎర్రటి గింజ, సగం కొరికింది, ఆదెమ్మ కళ్లారా చూసింది. పాట ఎత్తుకోవడానికి పిల్ల గుండెల నిండా గాలి పీల్చింది. అంతే. పాట రాలేదు, దగ్గు వచ్చింది. గుక్క తిప్పుకోలేని దగ్గు. కళ్లు పైకి తేలాయి, పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

మునిలక్ష్మి బిడ్డను దగ్గరికి లాక్కుని నడినెత్తి మీద తట్టింది. పక్కనున్న రాములమ్మ, "ఎవురో తలుసుకుంటాండారే నిన్ను! మీ నాయనే అయ్యుంటాడు, బెంగుళూరులో కూసోని," అంది. పొలమారితే మన వైపు ఎవరైనా అనే మాటే. అందరూ నవ్వారు. కాసేపటికి దగ్గు తగ్గింది, పెదవులు మామూలు రంగుకి వచ్చాయి. పిల్ల తల్లి ఒళ్లో వాలిపోయింది.

"ఏం తినలేదమ్మా నా బిడ్డ. ఎంగిలి పొలమారింది, అంతే," అంది మునిలక్ష్మి. అడగకముందే అంది.

ఆదెమ్మ కూడా నవ్వింది. కాని పిల్ల నోరు తెరుచుకుని ఏడుస్తున్నప్పుడు చూసింది. నాలుక మీద గింజ లేదు. సాయంత్రం అందరూ వెళ్లాక వసారా రెండుసార్లు ఊడ్చింది. చాపలు దులిపింది. పొట్టు చేత్తో కెలికింది. సగం కొరికిన గింజ ఎక్కడా కనబడలేదు.

"కడుపులోకి పోయింటాదిలే. రేపు వచ్చేస్తాది," అన్నాడు కృష్ణప్ప.

ఆమె ఆ మాట పట్టుకుని వారం రోజులు గడిపింది. విత్తడం అయింది. మొలక బాగానే వచ్చింది. మునిలక్ష్మి మాత్రం కలుపుకి రాలేదు. బిడ్డకు దగ్గంట, జ్వరమంట, సోమలలో ఎవరో సూది వేశారంట. రెండో వారం పుంగనూరులో ఒక క్లినిక్కుకి తీసుకుపోయింది, ఉబ్బసమని మందు రాశారు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఈ కబుర్లన్నీ ఆదెమ్మ అడగకుండానే ఆమె చెవిన పడేవి. పడిన ప్రతిసారీ కాళ్లు ఎటో లాగేవి. పొలానికని బయలుదేరి మునిలక్ష్మి వాళ్ల వీధి మీదుగా పోయేది. గడప ముందు నడక నెమ్మదయ్యేది. లోపలి నుంచి దగ్గు వినబడగానే మళ్లీ వేగం పెంచేది. అరమైలు నడకకు ఆమె అంతగా ఆయాసపడటం కృష్ణప్ప ఎన్నడూ చూడలేదు.

మూడో వారం ఇక తట్టుకోలేక లోపలికే పోయింది. రూప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. రొమ్ములో పిల్లికూతలు.

"మునిలక్ష్మీ, ఆ పొద్దు బిడ్డ నోట్లో గింజ ఉండింది గదా?"

మునిలక్ష్మి ముఖం మాడిపోయింది. "నా బిడ్డ మీ గింజ తినలేదమ్మా. మేము కూలికి వచ్చేవాళ్లమే గాని దొంగిలించేవాళ్లం కాదు. రేప్పొద్దున నన్ను ఎవురు పిలుస్తారు, ఆ మాట బయటికి వస్తే?"

ఆ మనిషి చేత ఆ మాట అనిపించింది తన చాటా, తన పాటా అని ఆదెమ్మకు అప్పుడు తెలిసింది. తెలిసి ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియక. "లెయ్యి. మదనపల్లెకు పోదాం. బిడ్డను ఎత్తుకో," అని మాత్రం అంది.

పదకొండు గంటలకి మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఉన్నారు. పిల్లల డాక్టరు రాజరత్నం తల నెరిసిన మనిషి, ఏ మాటైనా మెల్లగా అంటాడు. స్టెతస్కోపు ఎడమ పక్క పెట్టి విన్నాడు, కుడి పక్క పెట్టి విన్నాడు, మళ్లీ ఎడమ పక్క. ఎక్స్‌రే తీయించాడు. నర్సు సువార్తమ్మ ఆ ఫిల్ము తెచ్చి దీపం ముందు పెట్టింది.

"అమ్మా, బిడ్డ ఏమన్నా నోట్లో పెట్టుకునిందా? గింజ గాని, పూస గాని? ఎప్పుడన్నా గట్టిగా పొలమారిందా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సామీ," అంది మునిలక్ష్మి.

"బాగా గుర్తు చేసుకో."

"లేదు. నా బిడ్డ ఏం తినలేదు."

ఆదెమ్మ గది బయట వరండాలో ఉంది. ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతోంది. తలుపు తెరిచే ఉంది, ప్రతి మాటా వినబడుతోంది.

డాక్టరు ఫిల్ము వైపు చూస్తూ నిట్టూర్చాడు. "కుడి పక్క ఊపిరితిత్తి గాలి పట్టి ఉబ్బింది, ఆ పక్కే కూతలు కూడా. గింజ ఎక్స్‌రేలో కనబడదు. ఉందా లేదా అన్నది ఇంటివాళ్లు చెప్పాల్సిందే. ఉందంటే ఈరోజే మత్తిచ్చి, గాలిగొట్టంలోకి ట్యూబు వేసి తియ్యాలి, అది ఇక్కడ కుదరదు. లేదంటే ఇంత పసిబిడ్డను ఊరికే అంత ప్రమాదంలోకి పంపలేను. ఉబ్బసానికి మందులు మార్చి ఇంకో వారం చూద్దాం."

ఇంకో వారం. ఆదెమ్మ కాళ్లు ఆగిపోయాయి. పిల్ల ఊపిరికి డొక్కలు ఎగిరే తీరు చూసిన మనిషి ఆమె. ఉండింది అంటే మునిలక్ష్మి దొంగవుతుంది, అబద్ధాలకోరు అవుతుంది. నర్సు ముందు, డాక్టరు ముందు, రేపు ఊరి ముందు. ఆ తల్లి అప్పటికప్పుడే బిడ్డను చంకనేసుకుని లేచిపోయినా పోతుంది. అనకపోతే పిల్ల పోతుంది. ఆమె గడప దాటి లోపలికి వచ్చింది.

"తినింది సామీ. ఇరవై దినాలైంది. చెనిక్కాయ ఇత్తనం. నేనే పెట్టినా."

మునిలక్ష్మి గిరుక్కున తిరిగి చూసింది.

"నా సేత్తో నేనే నోట్లో పెట్టినా. ఆ యమ్మ సూడలేదు, ఆ యమ్మకు తెలీదు. పెట్టి, పాడమని అరిసినా. బిడ్డ ఊపిరి ఎగబీల్సింది. పెదాలు నల్లబడినాయి. నేను సూసినా సామీ, గింజ నోట్లో లేదు, కింద పడలేదు. ఇల్లంతా వెతికినా, యాడా లేదు."

జీవితంలో ఆదెమ్మ ఆడిన పెద్ద అబద్ధం అదే అనుకోవాలి. అందులో ఉన్నంత నిజం కూడా ఆమె అంతకుముందు ఎన్నడూ చెప్పి ఉండదు.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. లేచి ఫోను తీశాడు. కుప్పంలో కొత్తగా వచ్చిన పెద్ద ఆసుపత్రిలో ఆ ట్యూబు వేసే డాక్టరమ్మ ఉందట. ఆసుపత్రి జీపు తెప్పించాడు, సువార్తమ్మను ఆక్సిజన్ సిలిండరుతో ఎక్కించాడు. "దారిలో బిడ్డకు ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా. పడుకోబెట్టొద్దు. వీపు మీద, నెత్తి మీద తట్టొద్దు. గింజ అటూ ఇటూ కదిలి పెద్ద గొట్టానికి అడ్డం పడిందంటే ఊపిరే ఆగిపోతుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని కదలకుండా పట్టుకోండి," అన్నాడు.

కదలకుండా పట్టుకునే పని ఆదెమ్మకు పడింది. ఎందుకంటే మునిలక్ష్మికి జీపు ఎక్కితే వాంతులు. పుంగనూరు దాటకముందే ఆమె కిటికీలోంచి తల బయట పెట్టేసింది. ఆదెమ్మ వెనక సీట్లో, పిల్ల వీపు తన రొమ్ముకు ఆనించుకుని, రెండు చేతులూ చుట్టి కూర్చుంది. పలమనేరు వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. వీపున చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టబోయి, అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని నోరు నొక్కుకుంది. ఒళ్లంతా లేచి పరుగెత్తమంటోంది. చేతులు మాత్రం వదల్లేదు. పిల్ల ఊపిరి ఆమె అరచేతుల కింద ఎగిరి, ఆగి, మళ్లీ ఎగిరేది. ఆగిన ప్రతిసారీ ఆదెమ్మ ఊపిరి కూడా ఆగేది.

వి.కోట దాటాక రూప తల కొంచెం వెనక్కి తిప్పి చూసింది. తనను పట్టుకుని ఉన్నది ఎవరో అప్పుడే గుర్తుపట్టినట్టుంది. కళ్లలో బెదురు.

"అవ్వా," అంది, గాలి చాలని గొంతుతో. "పాడతా. అరవొద్దు."

ఆదెమ్మకు కళ్లు కనబడలేదు. నీళ్లు జలజలా కారి పిల్ల జుట్టులో పడ్డాయి. "వద్దు తల్లీ. ఏం పాడొద్దు. ఊరికే కూసో, నాయనా, ఊరికే కూసో," అంది. ఆ మాట తనకే చెప్పుకుందో పిల్లకే చెప్పిందో, కుప్పం చేరేదాకా అంటూనే ఉంది.

కుప్పంలో పిల్లను లోపలికి తీసుకుపోయాక ఆదెమ్మ లేవబోతే కాళ్లు నిలవలేదు. సువార్తమ్మ పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, తాను కళ్లు మూసుకుని మెల్లగా ప్రార్థన చేసుకుంది. మునిలక్ష్మి పక్కన కూర్చుంది.

"యాల సెప్పినావమ్మా అట్ల?" అంది చివరికి మునిలక్ష్మి. "నువ్వు పెట్టలేదు గదా."

"పెట్టుంటే నమిలి మింగుండేది గదే," అంది ఆదెమ్మ. "దాసిపెట్టుకుని తినబట్టే గదా ఇంత అయ్యింది. నా బయానికి."

మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గంట దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. చేతిలో చిన్న సీసా. అందులో సగం బద్ద, తోలు ఊడి, ఉబ్బి, తెల్లగా. "వచ్చేసింది. బిడ్డ బాగానే ఊపిరి తీసుకుంటోంది," అంది. మునిలక్ష్మి ఆమె కాళ్ల మీద పడబోయింది. డాక్టరమ్మ ఆపి, "గింజ పెట్టిందెవరు?" అని అడిగింది.

"నేనే," అంది ఆదెమ్మ.

ఇక చూడాలి. డాక్టరమ్మ వయసు ముప్పై ఉంటుందేమో, ఆదెమ్మను అక్కడే, అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. "ఇంత పెద్దదానివి, బుద్ధుండక్కర్లేదా? సరిగా నమలడం రాని బిడ్డకు గింజలు పెడతారా? పెట్టి భయపెడతారా? ఇన్ని రోజులు నోరు మూసుకుని కూర్చున్నావు, ఇంకో వారమైతే ఆ పక్కంతా చీము పట్టేది, తెలుసా?" ఒక్క మాట అంటే ఒంటికాలి మీద లేచే ఆదెమ్మ తల వంచుకుని, ఆ తిట్లన్నీ పడింది. మునిలక్ష్మి రెండుసార్లు ఏదో చెప్పబోయింది. ఆదెమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

ఆ అబద్ధం ఊరికి కూడా చేరింది. ఆదెమ్మ ముద్దు చేసి గింజ పెడితే పిల్ల ప్రాణం మీదకు వచ్చిందని చెప్పుకున్నారు. కృష్ణప్పకు నిజం తెలుసు, అయినా ఆమె వద్దంది కాబట్టి ఊరుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి ఆ ఇంట్లో ఒలుపుకి పాట లేదు. తినాలనుకున్నవాళ్లు తినొచ్చు, దాచక్కర్లేదు. ఐదేళ్లలోపు పిల్లలు మాత్రం వసారా గడప తొక్కకూడదు. వాళ్లను పెరట్లో కూర్చోబెట్టి రాగిసంగటిలో పెరుగు కలిపి తానే తినిపించేది.

అంతటితో ఊరుకుంటే ఆదెమ్మ ఎందుకవుతుంది? పుంగనూరు బస్టాండులో ఎవరి చంకలోని బిడ్డ చేతిలోనైనా వేయించిన చెనిక్కాయలు కనబడితే లాక్కునేది. ఆ తల్లులు తగాదాకి దిగేవారు, ఈమె ఊరుకునేది కాదు, ఒకసారి బస్సు కూడా పోయింది. తిరునాళ్లలో, పెళ్లి పందిట్లో పసిబిడ్డకు పొలమారి, ఎవరైనా నెత్తి తట్టి ఎవరో తలుచుకుంటున్నారన్నారా, అయిపోయారే. "తలుసుకునేది తరవాత! నోట్లో ఏముండాదో, యాడికి పోయిందో అది కనుక్కోండి! దగ్గు పట్టిందంటే డాక్టరుకు దాసకుండా సెప్పండి!" అని అక్కడే పంచాయితీ పెట్టేది. వెర్రి ముదిరిందన్నారు. అననీ. ఆమెకు తీరిక లేదు. చేసిన తప్పు వెనక నుంచి తరుముతున్న మనిషి నడిచే నడక అది.

రూప మాత్రం ఆమె వెంటే తిరిగేది. తనకు చేత్తో గింజ పెట్టిన అవ్వ అని, కుప్పం దాకా ఒళ్లో పెట్టుకుని పోయిన అవ్వ అని. బడి నుంచి నేరుగా ఈ ఇంటికే వచ్చేది. ఆ పిల్ల "నువ్వు పెట్టినావంట గదా" అన్న ప్రతిసారీ ఆదెమ్మకు ఏదో పని గుర్తుకొచ్చి లేచిపోయేది.

రెండు వేల ఎనిమిదిలో తొలకరి ఆలస్యమైంది. ఒలుపు నాటికి రూపకు ఎనిమిదేళ్లు దాటాయి. ఈసారి వసారాలో వరసలో కూర్చుంది, తల్లి పక్కనే. వేళ్లు చురుగ్గా ఆడుతున్నాయి. ఆదెమ్మ చాటతో అటు వచ్చేసరికి చెయ్యి పట్టుకుని లాగింది.

"అవ్వా, కూసో."

"పనుండాదే."

"కూసో. ఆ పొద్దు నువ్వు నాకు పెట్టినావు గదా. ఈ పొద్దు నేను పెడతా." అప్పుడే ఒలిచిన గింజను తోలు తీసి ఆమె నోటికి అందించింది.

ఆదెమ్మ కూర్చుంది. ఒలిచే ఆడవాళ్లంతా చేతులు ఆపి చూశారు. గింజ నాలుక మీద ఉంది. ఐదేళ్లుగా గొంతులో ఉన్న మాట ఇక ఆగలేదు. "నేను..." అని మొదలుపెట్టబోయింది.

రూప చప్పున ఆమె పెదాల మీద చెయ్యి వేసింది. "నోట్లో గింజ పెట్టుకుని మాట్లాడకూడదు. నువ్వే గదా సెప్పినావు. నమిలి మింగు."

ఆదెమ్మ నమిలింది. కళ్ల నీళ్లతో, ఎంతో సేపు, పాలలా అయ్యేదాకా నమిలింది. మింగింది.

"ఏదీ, నోరు తెరువు."

తెరిచి చూపించింది. పిల్ల తల వంచి నాలుక కిందా, బుగ్గల పక్కనా శ్రద్ధగా చూసి, "ఊ. ఇప్పుడు మాట్లాడు," అంది.

"నేను పెట్టలేదు తల్లీ. అరిసినా నీ మీద. అరిస్తే నువ్వు బయపడి పీల్సినావు."

మునిలక్ష్మి తల ఎత్తలేదు, కాయలు ఒలుస్తూనే ఉంది.

"తెలుసులే అవ్వా," అంది రూప, ఇంకో కాయ నొక్కుతూ. "మాయమ్మ ఎప్పుడో సెప్పింది. ఇంకొకటి తింటావా?"

ఆదెమ్మ చాట కింద పెట్టి చెయ్యి చాచింది.